కాలువ గట్టున సైకిలు యాత్ర

సెలవు దినములలో దూరదేశములు చూచివచ్చుటకు ధనము కావలయును. మన జిల్లాను మనము చూచుటకు ఒక సైకిలు చాలును. రైలులో పోవువానికి ఊళ్లు రెప్పపాటులో దాటిపోవును. నడచి పోవువానికి దినమునకు రెండు మూడు ఊళ్లకు మించి అందవు. సైకిలు ఈ రెంటికిని నడిమిది. నడకకు పట్టు శ్రమతోనే దానిపై మూడు రెట్ల దూరము పోవచ్చును. వలసినచోట దిగి, నలుగురిని అడిగి తెలిసికొనవచ్చును.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లపుభూములు ఇట్టి యాత్రకు మిక్కిలి అనువైనవి. నాగావళి, వంశధార ఒడిశా కొండలలో పుట్టి, ఇచటి పొలములను తడిపి, బంగాళాఖాతమున కలియుచున్నవి. నదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల చదునుగా నుండును. కాలువ గట్టు మరింత చదునైనది. దీనికి కారణమేమి? కాలువకు వాలు ఎక్కువైనచో నీరు వడిగా పారి గట్లను కోయును. త్వరగా పల్లమునకు దిగిపోయి, మెరక పొలముల కందదు. కావున కాలువను మెరకవెంట, స్వల్పమైన వాలుతో త్రవ్వుదురు. అందుచేతనే గట్టుపై పోవు సైకిలునకు ఎగుడుదిగుడులు తక్కువ.

ఉదాహరణకు వంశధారను చూడుడు. హిరమండలమువద్ద గొట్టా బ్యారేజీ కలదు. అచట బయలుదేరు ఎడమ కాలువ నూరు కిలోమీటర్లకు పైగా సాగును. దాని ఆయకట్టు సుమారు 1,48,000 ఎకరములు. నదివెంట దిగువకు వచ్చినచో ఎడమ గట్టున శ్రీముఖలింగ మున్నది. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగర మిదియే యని చరిత్రకారు లందురు. వంతెన దాటి కుడి గట్టున పోయినచో శాలిహుండం కొండపై బౌద్ధస్తూపముల శిథిలములు కనబడును. ఆ పిమ్మట కళింగపట్నము. అచట నది సముద్రమున కలియును. రాజధానియు, ఆరామమును, రేవును ఒకే నదిని ఆశ్రయించి వెలసినవి.

ఇంతకంటె ముఖ్యమైన పాఠము కాలువ గట్టుపై దొరకును. తలవద్ద నీరు నిండుగా పారును. ఒక్కొక్క తూమువద్ద కొంత విడిపోవును. పోను పోను ప్రవాహము సన్నగిల్లును. పూడికయు, గుర్రపుడెక్కయు మిగిలినదానిని అడ్డగించును. శివారున రైతు తన వంతుకై రాత్రియంతయు గట్టున కావలి కాయును. ఎగువవాడు గండి కొట్టినచో దిగువవాని చేను ఎండును. ఈ సంగతిని సైకిలుపై పోవువాడు ఒక్క పూటలో కన్నులార చూడగలడు.

దసరా సెలవులలో కాలువలో నీరు చూడవచ్చును. కాని అది తుఫానుల కాలము. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తీరమును తాకినపుడు వంశధారకు వరద వచ్చెను. హెచ్చరిక యున్న దినమున ఇల్లు కదలరాదు. సంక్రాంతికి ఎండ తీక్షణముగా నుండదు. కోతలైన పొలములు కనబడును. పెద్దవా రొకరు తోడుండవలెను. గాలిపంపు, పంక్చరు సామాను, మంచినీరు వెంట నుంచుకొనుడు. రహదారి వంతెనలపై సైకిలు దిగి నడువుడు. కాలువలో ఈతకు దిగకుడు. గట్లు నిటారుగా నుండుటచే పైకి వచ్చుట కష్టము.

విద్యార్థులారా! రేపు ఈ పొలములను దున్నవలసినవారును, ఈ తూములను కాపాడవలసినవారును మీరే. ఎగువ నున్నవారు శివారు నొకసారి చూచి వచ్చుడు.