తాతల జాజ్.. మళ్లీ మోగింది!

షాంఘై... చైనాలో జాజ్ సంగీతానికి పుట్టిల్లు లాంటి నగరం. 1930ల్లో ఇక్కడి డ్యాన్స్ హాళ్లు ఆ హోరుతో మార్మోగేవి. అమెరికా ట్రంపెట్ కళాకారుడు బక్ క్లేటన్ బృందంతో సహా వచ్చి వాయించాడు. జాజ్‌నీ చైనా జానపదాన్నీ కలిపి లీ జిన్‌హుయ్ కొత్తరకం పాటలు కట్టాడు.

1949 తర్వాత ఆ సందడి సద్దుమణిగింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లోనైతే జాజ్ పేరెత్తడానికే భయం. వేధింపుల మధ్యే లీ 1967లో కన్నుమూశాడు.

1980లో పీస్ హోటల్‌లో ఓ జాజ్ బ్యాండ్ మొదలైంది. వాయించేవాళ్లు తలనెరిసిన తాతలు! కుర్రతనంలో నేర్చి, ఏళ్లతరబడి గుండెల్లో దాచుకున్న బాణీల్ని మళ్లీ పలికించారు. 2004లో జేజడ్ క్లబ్ తెరుచుకుంది. మరుసటేడు జాజ్ ఉత్సవమూ మొదలైంది. తాతలు కాపాడిన సంగీతం అలా మనవల చేతికొచ్చింది.