చుక్కలు కారు నల్లా

రాత్రి పనులన్నియు ముగించి దీపమార్పి పండుకొనిన పిమ్మట, వంటయింటి మూలనుండి "టప్ టప్" మను చప్పుడు మీ చెవిని బడినదా? పగటి సందడిలో వినరాని యా చప్పుడు రాత్రివేళ పెద్దదై నిద్ర చెఱచును. "రేపు ప్లంబరును పిలిపింత" మనుకొని ఒత్తిగిలి పండుకొందుము. ఆ రేపు వారములు గడచినను రాదు.

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రహదారిపై నున్న పెద్ద అంబర్‌పేటలో మా కాపురము. ఒక వేసవిలో మా బోరునీరు అడుగంటెను. దినమున కొక్కమాఱు మాత్రమే మిద్దెమీది ట్యాంకు నింపుకొనుచుంటిమి. ఆ దినములలోనే పెరటి నల్లా కారుట కారంభించెను. దానిక్రింద నొక బకెట్టుంచి యూరకుంటిమి. ఒకనాటి రాత్రి బకెట్టు నిండి పొరలి షాబాదు బండలపై నీరు పాకెను. తెల్లవాఱుజామున లేచిన మా యత్తగారు ఆ నీటిలో కాలుజాఱి పడిరి. ఎముక విఱుగకుండుట మా భాగ్యము. అయినను పది దినములు మంచము దిగలేకపోయిరి. కబురుపెట్టిన పనివాడు "ఇదిగో వచ్చుచున్నా"ననుచు నాలుగు దినములు జరపెను. అప్పుడు మా యత్తగారు మంచముపైనుండియే, "కుట్టుమిషను విప్పి, నూనె వేసి, మరల బిగించుకొందువు గదా బిడ్డా! దానికన్న నీ నల్లా యేమంత గొప్పది?" అనిరి. ఆ మాట నా మనసున నాటెను. ఆ సాయంకాలమే కొంగు బిగించి పనికి బూనితిని. అరగంటలో చుక్క నిలిచెను. ఆ విధమునే మీకు విన్నవించుచున్నాను.

ఒక చుక్కయే గదా యని తేలికగా చూడరాదు. గంటకొక లీటరు చొప్పున కారు నల్లానుండి దినమునకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు పోవును. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని ప్రభుత్వపు లెక్క. అనగా నొక మనిషి నీటిలో ఆఱవపాలుకంటె నెక్కువ ఊరక నేలపాలగుచున్నదన్నమాట. మీ యింటి నల్లాక్రింద కొలపాత్ర నుంచి, గంటసేపటికి చూచినచో మీ లెక్క మీకే తెలియును.

ఆ నీ రెక్కడనుండి వచ్చినదో యోచింపుడు. హైదరాబాదునకు 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడెను. నగరము పెరిగిన కొలదియు నవి చాలక, 2004 మొదలు కృష్ణాజలమును తెచ్చుచున్నారు. ఆ నీరు నాగార్జునసాగరు వైపునుండి నూఱు కిలోమీటర్లకు పైబడి గొట్టములలో ప్రయాణము చేసి, విద్యుచ్ఛక్తిచే వేయి అడుగులకు మించిన యెత్తున కెక్కి మన ముంగిటికి వచ్చుచున్నది. అంత శ్రమపడి వచ్చిన యతిథిని తూమున బడద్రోయుట గృహిణికి తగునా?

నల్లా యేల కారును?

పిడి త్రిప్పగా పైకి లేచి, క్రిందికి దిగు నల్లాను 1845లో ఇంగ్లండునందలి రోథర్‌హాం పట్టణమున గెస్ట్ అండ్ క్రైమ్స్ అను వారు ప్రచారమునకు తెచ్చిరి. నేటికిని మన యిండ్లలోని పాతరకపు నల్లాలకు అదియే మూలము. పిడికి దిగువ నొక మరల యిరుసు, దాని కొనయందు రబ్బరు వాషరు, ఆ వాషరు కూర్చుండుటకు ఇత్తడి పీఠము ఉండును. పిడి బిగించినపుడు వాషరు పీఠముపై నదిమి నీటిదారి మూయును. కొంతకాలమునకు రబ్బరు గట్టిపడి దానిపై గాటు పడును. గీజరు వేడినీటికి మఱింత వేగముగా చెడును. బోరునీటి సున్నపు పెచ్చుగాని, ఇసుక రేణువుగాని నడుమ జిక్కినను చుక్క కారును. మనమో, చుక్క నిలుపవలెనని పిడిని బలముకొద్ది బిగింతుము. దానివలన వాషరు మఱింత నలుగును. రోగమునకు మందని తలచి రోగమునే పెంచుట యిది.

కావలసినవి

చిన్న స్క్రూడ్రైవరు, ఒక పానా, మెత్తని గుడ్డ, అరయంగుళపు వాషరులు రెండు మూడు, కొంచెము టెఫ్లాను టేపు. వాషరులు హార్డువేరు దుకాణములలో కొద్ది రూపాయలకే లభించును. పాత వాషరును చేతబట్టుకొనిపోయి సరిపోల్చి తెచ్చుట మేలు.

చేయు విధము

మొదట నీరు కట్టవలెను. ఆ నల్లాకు వచ్చు గొట్టముపై వాల్వుండిన దానిని, లేనిచో ట్యాంకు వద్దనున్న వాల్వును మూయుడు. గీజరు నీరు వచ్చు నల్లా యైనచో స్విచ్చి ముందుగా ఆర్పుట మఱవవలదు. తరువాత నల్లాను పూర్తిగా తెఱచి, గొట్టములో మిగిలిన నీటిని పోనిండు. తూము రంధ్రమున గుడ్డ కుక్కుడు. లేనిచో చిన్న మర యందులో బడి దొరకదు.

పిడిపై నున్న మూతను మెల్లగా లేపిన, క్రింద మరమేకు కనబడును. దానిని విప్పి పిడిని తీయుడు. అప్పుడు ఆఱు పలకల పెద్ద మర కనిపించును. మెఱుగు చెడకుండ దానికి గుడ్డ చుట్టి, పానా తగిలించి, గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు వ్యతిరేకముగా త్రిప్పుడు. రెండవ చేతితో నల్లా మొండెమును గట్టిగా పట్టుకొనవలెను. లేనిచో గోడలోని గొట్టము మెలివడును. ఇందు మాత్రమే కొంచెము బలము కావలెను.

ఇరుసు చేతికి వచ్చిన పిమ్మట దాని కొన చూడుడు. గాటుపడిన వాషరును తీసి, క్రొత్తది తొడుగుడు. వ్రేలితో లోపలి పీఠమును తడిమి చూచి, సున్నపు పెచ్చులున్నచో నిమ్మరసములో తడిపిన గుడ్డతో తుడువుడు. తరువాత ఇరుసును పైకెత్తియుంచి, విప్పిన క్రమమునకు మాఱుగా అన్నియు బిగింపుడు. వాల్వును మెల్లమెల్లగా తెఱచి, మురికినీరు పోనిచ్చి, నల్లాను రెండు వ్రేళ్ల బలముతో మూయుడు. క్రింద పొడి కాగితముంచి, అర్ధగంటకు చూడుడు. కాగితము పొడిగానున్న పని ఫలించినది.

కొన్ని భేదములు

నీరు ముక్కునుండి గాక పిడి మొదటనుండి ఊరుచున్నచో తప్పు వాషరుది కాదు. ఇరుసుచుట్టు నున్న చిన్న మరను పావుచుట్టు బిగించిన చాలును. అప్పటికిని నిలువకున్న నా మర విప్పి ఇరుసుచుట్టు టెఫ్లాను టేపు చుట్టి బిగింపవలెను. పావుచుట్టుతోనే తెఱచుకొను క్రొత్తరకపు నల్లాలలో రబ్బరు వాషరుకు బదులు పింగాణి బిళ్లలు గల కాట్రిడ్జి యుండును. అది చెడినచో కాట్రిడ్జినే మార్చుకొనవలెను. క్రొత్త వాషరు వేసినను చుక్క నిలువనిచో పీఠము తినివేయబడినదని తెలియుడు. గోడలోపల చెమ్మ కనబడినను, మర కదలక మొరాయించినను, పంతమునకు పోక పనివానిని పిలుచుటయే వివేకము.

మా యత్తగారిప్పుడు నిర్భయముగా పెరటిలో తిరుగుచున్నారు. మొన్న మా యమ్మాయి తన చేతులతో పొరుగింటి నల్లా బాగుచేసి వచ్చెను. ఆఱిన దీపము వెలిగించుకొన్నట్లే కారు నల్లాను కట్టుకొనుటయు మన చేతిలోని పనియే. మీ పోపులపెట్టె ప్రక్కన రెండు వాషరులు నుంచుకొనుడు. ఈ రాత్రి "టప్" మని వినబడిన, రేపటికి వాయిదా వేయకుడు.