నూరు కన్నుల ఇటుక

బొబ్బిలి దాపున గొల్లపల్లిలో పనసమొద్దును తొలిచి వీణను చేయుదురు. ఒక వీణకు మరొక వీణ నకలు కాదు. ప్రతిదానికిని పనివాని చేయి తగులవలసినదే. ఆ ఘనత గొప్పది. కాని ఒకే అచ్చున వేలకు వేలు దించి, ధనవంతుల ముచ్చటను సామాన్యుని చేతికందించుటయు ఒక ఘనతయే. అమెరికాలో ఆర్గస్ అను కెమెరా సంస్థ సాధించినది ఈ రెండవది.

మిచిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ పట్టణములో 1931లో చార్లెస్ వెర్షూర్ అను వ్యాపారి రేడియోల కంపెనీ నెలకొల్పినాడు. ఆర్థికమాంద్యము దేశమును క్రుంగదీసిన రోజులవి. బేకలైటును పెట్టెలుగా అచ్చుపోయుటలో ఆ కార్ఖానాకు చేయి తిరిగినది. అయితే వేసవి వచ్చినచో రేడియోల బేరము పడిపోయెడిది. ఆ లోటు పూడ్చుటకు అదే బేకలైటుతో కెమెరా చేయుటకు పూనుకొన్నారు.

ఆనాడు 35 మిల్లీమీటర్ల ఫిలిము వాడు మేలైన కెమెరా అనగా జర్మనీ లైకాయే. దాని వెల చిన్న ఉద్యోగికి అందనిది. ఆర్గస్ తన మొదటి కెమెరాను 1936లో 12.50 డాలర్లకే అమ్మినది. గ్రీకు పురాణములో ఆర్గస్ నూరు కన్నుల కాపరి. మన సహస్రాక్షుని జ్ఞప్తికి తెచ్చు పేరు.

1939లో వచ్చిన 'సి3' సంస్థకు పెట్టనికోట అయినది. పెట్టెవంటి ఆకారము, మోటు అంచులు, ముందువైపు బయటికే కనిపించు పళ్లచక్రము. దూరము కొలుచు సాధనమును కటకముతో కలుపునది ఆ చక్రమే. జనులు దానికి 'ఇటుక' అని ముద్దుపేరు పెట్టినారు. అందము మాట ఎట్లున్నను ఇటుక గట్టిది. రెండవ ప్రపంచయుద్ధమున టోనీ వకారో అను యువసైనికుడు దీనిని వెంటగొని ఐరోపా రణభూములలో తిరిగినాడు. రాత్రివేళ తోటివారి ఇనుపటోపీలలో రసాయనములు పోసి ఫిలిము కడిగి, చెట్టుకొమ్మలకు ఆరవేసినాడు. ఆ చిత్రములు నేడు యుద్ధచరిత్రకు సాక్ష్యములు.

యుద్ధానంతరము జర్మనీ, జపాను కెమెరాలు అంగళ్లను ముంచెత్తినవి. 1957లో ఆర్గస్ సిల్వేనియా సంస్థ వశమై, తరువాత మరల చేతులు మారినది. సి3 మాత్రము పెద్ద మార్పు లేకయే 1966 వరకు వెలువడినది. ఇరువది లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. మారకుండుటయే దానికి బలము; కడకు అదియే బలహీనత.

వీణను వాయించినవాని పేరు లోకము తలచును. ఆర్గస్‌తో తీసిన బొమ్మలలో పెక్కింటికి తీసినవాని పేరైనను లేదు. పెండ్లి, పురుడు, పండుగ, ఊరు విడుచు కొడుకు. పేరులేని ఇండ్లకు జ్ఞాపకములనిచ్చిన యంత్రమునకు అంతకన్న కీర్తి ఏల?