ఓడ ఎక్కేముందు వేయవలసిన లెక్క

ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఉండే పిల్లలకు సముద్రం దగ్గర కాదు. తీరం చేరాలంటే సుమారు మూడు వందల కిలోమీటర్లు పోవాలి. అయినా నీటి అడుగున రంగురంగుల చేపల మధ్య ఈదాలనే కోరిక పుట్టటానికి దూరం అడ్డు రాదు గదా!

సంక్రాంతి సెలవులకు మీ ఇంట్లో ఇటువంటి ప్రయాణం మాట వచ్చిందనుకోండి. ఒక ఓడ ఉన్నది. మూడు రోజులపాటు తిండీ, నిద్రా అంతా ఆ ఓడలోనే. రోజుకు మూడు నాలుగుసార్లు, వీపున గాలి సీసా కట్టుకుని నీటిలో మునగవచ్చు. ఇటువంటి ఓడలను "లివ్ అబోర్డ్" అంటారు. ఏ ఓడ మంచిది? గదులు బాగున్నవా, భోజనం బాగుంటుందా అని పెద్దలు ఆలోచిస్తారు. కాని అన్నిటికన్నా ముందు చూడవలసింది తిరిగివచ్చే విమానం టిక్కెట్టు! అది ఎందుకో తెలుసుకుందాం.

గాలి సీసా కట్టుకుని మునగటాన్ని స్కూబా అంటారు. ఇందుకు కావలసిన పరికరాన్ని 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు తయారుచేశారు. సీసాలో ఉండేది ఒట్టి ప్రాణవాయువు అని చాలామంది అనుకుంటారు. కాదు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దాన్ని బాగా అదిమి నింపుతారు. ఆ గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని.

ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ పిచ్ మీరు చూసే ఉంటారు. దాని పొడవు 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. ఆ పిచ్‌ను సముద్రంలో నిలువుగా దించామనుకోండి. నీటిపైన మన ఒంటి మీద గాలి ఒత్తిడి ఒక వంతు. పిచ్ సగానికి, అంటే పది మీటర్లకు దిగితే ఒత్తిడి రెండు వంతులు. పిచ్ చివరకు చేరితే మూడు వంతులు. కొత్తగా స్కూబా నేర్చిన పెద్దవాళ్లను 18 మీటర్ల వరకే పోనిస్తారు. అంటే వాళ్లు కూడా పిచ్ చివరిదాకా పోరన్నమాట.

ఒత్తిడి పెరిగినకొద్దీ మనం పీల్చిన నత్రజని నెత్తురులోనూ, కండరాలలోనూ ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడా కొట్టటం చూశారా? మూత ఉన్నంతసేపూ సీసాలోని నీరు తేటగా ఉంటుంది. గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు లేస్తాయి. ఒత్తిడి ఉన్నంతసేపూ కరిగి ఉన్న వాయువు, అది తగ్గగానే బయటపడుతుంది. నీటి నుంచి గబగబా పైకి వచ్చేవాడి ఒంట్లో కూడా అట్లాగే బుడగలు పుట్టవచ్చు. అప్పుడు కీళ్లు విపరీతంగా నొప్పి పెడతాయి. ఒక్కొక్కసారి కాళ్లూ చేతులూ పడిపోతాయి. ప్రాణం పోవటం కూడా కద్దు.

దీనికి ఉపాయం కనిపెట్టినది జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు. ఆయన మేకలను ఒక ఇనుప గదిలో ఉంచి, గాలి ఒత్తిడి పెంచి, తగ్గించి పరీక్షించాడు. నొప్పి పుట్టిన మేక ముందుకాలు ఎత్తి పట్టుకునేది. మెల్లిగా, మధ్యమధ్య ఆగుతూ పైకి వస్తే అపాయం తప్పుతుందని ఆయన 1908లో లెక్కలతో సహా ప్రకటించాడు.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ పదమూడేళ్ల వయస్సులోనే తండ్రి పరీక్షల కోసం డైవింగు దుస్తులు తొడుక్కుని సముద్రపు నీటిలో దిగాడు. ఆయన కూడా గొప్ప శాస్త్రజ్ఞుడై, 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన శరీరాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కనక ఈ కథలో కొంత మన తెలుగుదేశానిది కూడా!

ఇక విమానం సంగతి. నీటి నుంచి పైకి వచ్చిన తరువాత కూడా ఒంట్లో కొంత నత్రజని మిగిలే ఉంటుంది. అది ఊపిరితో మెల్లిగా బయటికి పోవాలి. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉండవచ్చు. అంటే మళ్లీ గోలీ నొక్కినట్టే! అందుకని నిపుణులు ఒక నియమం పెట్టారు. ఒకే ఒక్క మునక వేసినవాళ్లు కనీసం 12 గంటలూ, చాలా మునకలు వేసినవాళ్లు కనీసం 18 గంటలూ ఆగి విమానం ఎక్కాలి. పూర్తిగా ఒక రోజు ఆగితే మరీ మంచిది.

విశాఖపట్నం వెళ్లేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పొద్దున రుషికొండలో స్కూబా చేసి, మధ్యాహ్నం అరకు పోదామని సరదా పడతారు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కనక అరకు ముందు చూసి, సముద్రం తరువాత చూడటమే తెలివి.

ఇప్పుడు లెక్క వేద్దాం. థాయ్‌లాండుకు పడమరగా, అండమాన్ సముద్రంలోనే, సిమిలాన్ దీవులు ఉన్నవి. అక్కడికి రెండు మూడు రాత్రుల ఓడలు దొరుకుతాయి. అక్టోబరు నడుమ నుంచి మే నడుమ వరకే ఆ దీవులు తెరిచి ఉంటాయి, సంక్రాంతికి సరిపోతుంది. మీ విమానం ఆదివారం ఉదయం 10 గంటలకు అనుకోండి. వెనక్కు 18 గంటలు లెక్కపెడితే శనివారం సాయంత్రం 4 గంటలు వస్తుంది. ఒక రోజు ఆగదలిస్తే శనివారం ఉదయం 10 గంటలు. అంతలో ఆఖరి మునక అయిపోవాలి. ఓడవాళ్లను మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: "చివరి మునక ఎన్నింటికి పూర్తవుతుంది?" వాళ్లు చెప్పిన వేళ కుదరకపోతే ఓడనో, టిక్కెట్టునో మార్చాలి తప్ప లెక్కను మార్చకూడదు.

రెండో ప్రశ్న వయస్సు. స్కూబా నేర్పే పెద్ద సంస్థలలో ఒకటైన పాడీ, పదేళ్లు నిండినవారికి ఈ విద్య నేర్పుతుంది. కాని పది, పదకొండేళ్ల వాళ్లు తల్లిదండ్రుల తోనో, శిక్షకుల తోనో 12 మీటర్ల వరకే పోవాలి. కొన్ని ఓడలు ఇంకా పెద్ద పిల్లలనే తీసుకుంటాయి. పైగా ముందుగా నేర్చుకునే ఓడ ఎక్కాలి. మూడు రోజుల ప్రయాణంలో చదువూ, విహారమూ రెండూ ఇమడవు. జలుబు ఉంటే మునగకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందుగా వైద్యుని అడగాలి.

మూడో ప్రశ్న: "రాత్రి అందరూ పడుకున్నాక మెలకువగా కాపలా ఉండేది ఎవరు?" 2019 సెప్టెంబరు 2న అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన "కన్సెప్షన్" అనే స్కూబా ఓడ తెల్లవారుజామున తగలబడి, కింది అంతస్తులో నిద్రిస్తున్న 34 మంది చనిపోయారు. ఆ రాత్రి కాపలా తిరిగేవారు లేరు. కనక పడుకునే గది నుంచి బయటపడటానికి రెండు దారులు ఉన్నవో లేవో ఎక్కిన వెంటనే చూసుకోవాలి.

ఈ మూడు ప్రశ్నలకూ సరి అయిన జవాబులు వస్తే, గదులూ, భోజనమూ తరువాత చూడవచ్చు. మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చిన రోజున కాగితం, పెన్సిలు తీసుకుని వెనక నుంచి లెక్క మీరే వేయండి. హాల్డేన్ కొడుకు నీటిలో దిగిన వయస్సు మీకూ వచ్చే ఉంటుంది. లెక్క వేయటానికి ఆ వయస్సు చాలు!