చుక్కే కదా అనుకుంటే.. ఇంజిన్‌కే ముప్పు!

* పాత బండ్లకు ఆయిల్‌ లీకేజీ బెడద
* ముందే చూస్తే గ్యాస్కెట్‌తో సరి.. ఆలస్యమైతే బోరుకే

కామాఠీపుర (ముంబయి): రాత్రి చాలీ ముందు బండి ఆపారు. తెల్లారి చూస్తే కింద నల్లటి మరక. 'పాత బండి కదా, కారక ఏం చేస్తది' అనుకుని వెళ్లిపోతే ఆ చుక్కే ఓ రోజు నడిరోడ్డుపై ఇంజిన్‌ పట్టేసేలా చేస్తుంది. బండి మీదే బతికేవారికి ఆ రోజు గిరాకీ పోవడమే కాదు.. ఊరికి పంపే డబ్బులకూ గండి పడుతుంది.

పద్మిని పోయింది.. రోగం పోలేదు

నిజాం రాజ్యం నుంచి ఇళ్లు కట్టే పనులకు వచ్చిన కామాఠీల పేరే ఈ పేటకు స్థిరపడింది. ఈ చుట్టుపక్కల రోడ్లపై దశాబ్దాలు తిరిగిన నలుపు-పసుపు ట్యాక్సీ ప్రీమియర్‌ పద్మిని. నగరంలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న తాడ్‌దేవ్‌ ఆర్టీవోలో రిజిస్టరైంది. 20 ఏళ్ల గడువు తీరడంతో 2023 అక్టోబరు 30 నుంచి అవి కనుమరుగయ్యాయి. అయితే వయసు మీద పడ్డ ఏ బండికైనా లీకేజీ కష్టాలు ఒక్కటే.

ఎందుకు కారుతుంది?

ఇంజిన్‌ వేడికి కార్క్‌, రబ్బరు గ్యాస్కెట్లు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడతాయి. పగుళ్లిస్తాయి. ట్యాపెట్‌ కవర్‌, ఆయిల్‌ చాంబర్‌, డ్రెయిన్‌ బోల్టు వాషర్‌, ఫిల్టర్‌, క్రాంక్‌ ఆయిల్‌ సీళ్ల వద్ద ఎక్కువగా లీకవుతుంది. బ్రీదర్‌ పైపు మూసుకుపోయినా, రింగులు అరిగినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ బయటికి తన్నుకొస్తుంది. అప్పుడు సీలు ఒక్కటే మారిస్తే మళ్లీ కారుడే.

ఇలా పట్టుకోవచ్చు

ఇంజిన్‌ శుభ్రంగా తుడిచి రాత్రి బండి కింద అట్టముక్క పరచాలి. ఆయిల్‌ పైనుంచి కిందికి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పారుతుంది. కాబట్టి చుక్క పడిన చోటే లీకు ఉందనుకోవద్దు. పైనుంచి వెతకాలి.

చేయాల్సినవి.. చేయకూడనివి

* చదును నేలపై ఇంజిన్‌ ఆపి కొద్ది నిమిషాలాగి డిప్‌స్టిక్‌ చూడాలి. ఆయిల్‌ రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోసినా లీకేజీయే.
* కారుతోందని బోల్టులు బలంగా బిగించొద్దు. కవర్‌ వంగి, గ్యాస్కెట్‌ నలిగి లీకు పెరుగుతుంది.
* చిక్కటి ఆయిల్‌ పోస్తే చుక్కలు తగ్గొచ్చు గానీ రోగం నయం కాదు. కంపెనీ చెప్పిన గ్రేడే వాడాలి.
* వెనక క్రాంక్‌ సీలు మార్చాలంటే సాధారణంగా గేర్‌బాక్సు దించాలి. క్లచ్‌ పని ఉన్నప్పుడే ఇదీ చేయించుకుంటే కూలి కలిసొస్తుంది.
* ఆయిల్‌ ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఇంజిన్‌ ఆపేయాలి. 'ఇంకొంచెం దూరమే కదా' అంటే ఇంజిన్‌ పోయినట్టే.

గల్లీకీ గండమే

సైలెన్సర్‌ పైపుపై ఆయిల్‌ పడితే పొగ, ఒక్కోసారి మంట. వానాకాలంలో రోడ్డుపై పడిన చుక్కకు వెనకొచ్చే స్కూటరు జారుతుంది. తీసిన పాత ఆయిల్‌ను మోరీలో పారబోయకుండా డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వాలి. పొద్దున్నే బండి కిందికి ఓసారి తొంగిచూస్తే చాలు.. పెద్ద ఖర్చు తప్పుతుంది.