గుల్మార్గులో వసంతకాలపు మంచు

దుక్కికి పదును ఎంత ముఖ్యమో పల్లెటూళ్ల పెద్దలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. వాన వెలిసిన వెంటనే దున్నబోయిన ఎద్దులు బురదలో దిగబడును. నాలుగు దినములు తాళినచో నేల బిగిసి నాగలి దిగదు. ఆ రెంటి నడుమ కొద్దికాలము మాత్రమే నేల చెప్పినట్లు వినును. మంచునకును ఇట్టి పదునే కలదు. అయితే అది దినములలో గాక గంటలలో గడచిపోవును. ఆ పదును తెలియనివారికి ప్రాణాపాయము. ఈ సంగతినే నేడు మనవి చేయదలచితిని.

నేను చెప్పు మంచు ధనుర్మాసమున మన పొలములపై కమ్ము పొగమంచు కాదు. ఆకాశమునుండి పింజలుగ రాలి నేలపై పేరుకొను హిమము. ఇందులకు కాశ్మీరమందలి గుల్మార్గును దృష్టాంతముగా గైకొందును. ఇది శ్రీనగరమునకు పడమట సుమారు 50 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 8,700 అడుగుల యెత్తున నున్న పచ్చిక మైదానము. గుల్మార్గనగా పూల మైదానమని యర్థము. దానిపై నున్న అఫర్వత్ కొండ 13,000 అడుగులకు మించినది. పాదములకు స్కీలు అను పొడవైన పలకలు బిగించుకొని, చేత రెండు కఱ్ఱలు పట్టి, మంచు వాలుపై జారుచు దిగుట ఇచ్చటి క్రీడ. 1927లో ఆంగ్లేయులిచ్చట స్కీ క్లబ్బును స్థాపించిరి. 1998లో తీగెలపై వ్రేలాడుచు నడచు పెట్టెబండ్లు వచ్చెను. 2005లో ఆ మార్గము దాదాపు 13,000 అడుగుల యెత్తు వఱకు పొడిగింపబడెను.

మనకు కార్తెలున్నట్లే కాశ్మీరులకును చలికాలపు లెక్క యొకటి కలదు. డిసెంబరు 21 మొదలు నలువది దినములు చిల్లై కలాన్, అనగా పెద్ద చలి. పిదప ఇరువది దినములు చిల్లై ఖుర్ద్, అనగా చిన్న చలి. అటుపై పది దినములు చిల్లై బచ్చా, అనగా పిల్ల చలి. ఈ డెబ్బది దినములలో పడు మంచు దూదివలె తేలికగ నుండును. అడుగు లోతు క్రొత్త మంచును కరగించినచో రమారమి అంగుళము నీరు వచ్చును. ఫిబ్రవరి నెలతో ఈ లెక్క ముగియును. మార్చి, ఏప్రిలు నెలలలో మంచు స్వభావమే మాఱిపోవును.

పగటి యెండకు పైపొర కరగి, ఆ నీరు రేణువుల సందులలోనికి దిగును. రాత్రి అది మరల గడ్డకట్టును. ప్రతిదినము ఇట్లు జరుగగా సన్నని రేణువులు నశించి, పెద్దవి మఱింత పెరిగి, గుండ్రనివై, కల్లుప్పువలె నగును. మంచు క్రుంగి బరువెక్కును. అప్పుడు అడుగు లోతు మంచులో నాలుగైదు అంగుళముల నీరు దాగియుండును.

రాత్రి ఆకాశము నిర్మలముగ నున్నచో మంచు తన వేడిని పైకి విడిచి, గాలి అంత చల్లగ లేకున్నను, గట్టిగ పేరును. మేఘములు కమ్మినచో దుప్పటి కప్పినట్లై ఆ వేడి పోదు. మంచు తెల్లవారువఱకు మెత్తగనే యుండును. కావున వసంతమున కొండ నెక్కువాడు మొదట విచారింపవలసినది రాత్రి చుక్కలు కానవచ్చెనా లేదా యని.

చుక్కలు కనబడిన రాత్రి గడచిన పిదప, ఉదయమున మంచు బండవలె నుండును. స్కీల అంచులు దానిని పట్టవు; పడినవాడు నిలువలేక చాలదూరము జారిపోవును. ఎండ తగిలి, పైన అంగుళము రెండంగుళములు మెత్తబడి, క్రింది గట్టిదనము చెడకయున్న వేళయే పదును. అప్పుడు పలక వెన్నపై నడచినట్లు నడచును. ఈ పదును తూర్పు వాలునకు ముందుగ వచ్చును, దక్షిణపు వాలునకు ఆ తరువాత, పడమటి వాలునకు ఇంకను ఆలస్యముగ వచ్చును. ఉత్తరపు వాలు ఎండ చాలక చాలదినములు గట్టిగనే యుండును. నేర్పరులు సూర్యుని ననుసరించి వాలు మార్చుకొందురు. ఎత్తునుబట్టియు భేదము కలదు. కిలోమీటరు ఎత్తునకు సుమారు ఆఱు డిగ్రీల చొప్పున వేడి తగ్గును. అందుచేతనే ఏప్రిలున క్రింది మైదానములో పచ్చిక తొంగిచూచుచుండగా అఫర్వత్ పైభాగము ఇంకను తెల్లగ నుండును.

ఒక ఏప్రిలు నెలలో నేనచ్చట నుండగా మాకు త్రోవ చూపిన వృద్ధుడు గడియారము చూడలేదు. అడుగడుగున కఱ్ఱను మంచులో గ్రుచ్చి చూచుచుండెను. మన రైతు మట్టిబెడ్డను పిడికిట నలిపి చూచునట్లే అది నాకు తోచెను. పదకొండు గంటలు కాకమునుపే ఆయన మమ్ము దిగుడనెను. దినమంతటికిని రుసుము చెల్లించితిమి గదా యని మాలో కొందఱు గొణిగిరి. ఆయన మాఱుమాటాడక తన కాలిని మంచులో మోపి చూపెను. అది పిక్క వఱకు దిగబడెను. మేము దిగివచ్చిన పిదప, మధ్యాహ్నము, ఎదుటి నిట్టవాలున మంచు ఉండలుగ దొర్లుచు, వెంట మఱింత మంచును లాగికొనివచ్చుట కన్నులార చూచితిమి.

దీనికి కారణమిది. కరగిన నీరు లోనికి దిగినకొలది రేణువుల పట్టు సడలును. ఆ నీరు క్రింద గట్టిపొరపై నిలిచినచో పైపొర దానిపై జారును. ఈ తడిమంచు శీతకాలపు పొడిమంచంత వేగముగ రాకున్నను మిక్కిలి బరువైనది. ఆగిన వెంటనే సున్నపు గచ్చువలె బిగియును. చిక్కినవాడు వేలైన కదపలేడు. శీతకాలమున పడు మంచును తక్కువది కాదు. 2010 ఫిబ్రవరి 8వ తేదీన ఇచ్చటి ఖిలన్‌మార్గ్ నందు హిమపాతమునకు 17 గురు సైనికులు బలియైరి. శిక్షణ పొందినవారికే తప్పని యాపద సామాన్యులను విడుచునా? కాలు దిగబడుట, ఉండలు దొర్లుట, రాత్రి పేరకుండుట అను ఈ మూడు గుర్తులలో ఒకటి కనబడినను నిట్టవాలును విడువవలెను.

ఇటీవల ఈ ఋతువే తడబడుచున్నది. 2024 జనవరిలో చాల దినములు గుల్మార్గు మంచు లేక బోసిపోయెను. 2025 ఫిబ్రవరి 22న ప్రారంభము కావలసిన ఖేలో ఇండియా మంచు పోటీలు, మంచు చాలక వాయిదాపడి, మార్చి 9 మొదలు 12 వఱకు జరిగెను. చిల్లై కలాన్‌లో పడవలసిన మంచు ఆలస్యముగ పడినచో, గట్టిపడుటకు తగిన చలిరాత్రులు దానికి దొరకవు. అది త్వరగ కరగును.

ఇది క్రీడాకారులకు మాత్రమే నష్టమనుకొనరాదు. ఈ కొండలపై నీరు, మన ప్రాచీనులు వితస్త యని పిలిచిన జీలం నదిని చేరును. కాశ్మీరమున వరినాట్లు మే చివరను, జూనులోను పడును. మంచు కొండపై నిలిచి మెల్లగ కరగినచో సరిగ ఆ అదునునకు కాలువలు నిండును. ముందే కరగినచో నీరు నారుమడికి గాక నదికి పోవును. మనకు చెరువు గట్టు చేయు పనిని అచ్చట చలి చేయుచున్నది. గట్టు తెగిన చెరువు క్రింది రైతు కష్టమెట్టిదో మీరెఱుగుదురు. గుల్మార్గు వృద్ధుడు కఱ్ఱతో గ్రుచ్చి చూచినది జారువారి క్షేమమునే కాదు, క్రింది లోయలోని రైతుల పంటనుగూడ.