నిమ్మ వాసనా? కమలా వాసనా?

ఎండలు ముదిరాయి. ఉక్కపోతలో ఘాటైన సెంట్లు తలనొప్పి తెప్పిస్తాయి. అందుకే చాలామంది ఈ రోజుల్లో తేలికైన పుల్లని సువాసనలను ఇష్టపడతారు. వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు: నిమ్మ, బెర్గమోట్ కలిసిన యూడికొలోన్ ఒకటి, కమలా తొక్క వాసన గలది మరొకటి. ఏది కొనాలి? ముక్కుకు నచ్చితే చాలదు, చర్మం సంగతి కూడా చూసుకోవాలి.

యూడికొలోన్ పాతకాలం నాటిది. ఇటలీ నుండి వెళ్ళిన ఫరీనా కుటుంబం 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో వ్యాపారం ప్రారంభించింది. ఆ ఊరి పేరే ఈ సువాసనకు వచ్చింది. అందులో ముఖ్యమైన బెర్గమోట్ నిమ్మజాతి కాయ, దక్షిణ ఇటలీలో ఎక్కువగా పండుతుంది. వాసన చల్లగా, హాయిగా ఉంటుంది.

అయితే బెర్గమోట్ తొక్క నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంది. అది చర్మంపై ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా కంది, మండి, కొన్నిసార్లు బొబ్బలు వస్తాయి. తర్వాత గోధుమ రంగు మచ్చలు నెలల తరబడి నిలుస్తాయి. సెంటు మెడ మీద కారిన చోటల్లా చారలుగా మచ్చ పడుతుంది. పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఇది ఎంత బాధో చెప్పనక్కరలేదు. ముఖానికి నిమ్మరసం రుద్దుకొని ఎండలోకి వెళ్ళినా ఇదే జరుగుతుంది.

అందుకే చర్మంపై వాడే వాటిలో మామూలు బెర్గమోట్ నూనె 0.4 శాతం మించరాదని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ నియమం పెట్టింది. ఆ నియమం పాటించి తయారుచేసిన వాటితో భయం తక్కువ. విడిగా కొన్న నూనెను ఇంట్లో కలుపుకొని పూసుకోవడమే ప్రమాదం.

కమలా తొక్క నూనెకు ఎండతో ఈ పేచీ లేదు. కాబట్టి పగలు బయట తిరిగేవారికి కమలా మంచిది. సాయంత్రం ఇంటిపట్టున ఉండేటప్పుడు యూడికొలోన్ వాడుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ఒంటికి కాక చేతిరుమాలుకో, బట్టలకో రాసుకోండి.
2. చెమటకాయలపైన, గీసుకున్న గడ్డంపైన, పసిపిల్లల ఒంటిపైన వద్దు.
3. మూత బిగించి చల్లని చోట ఉంచండి. గాలి తగిలి పాతబడితే కమలా నూనె కూడా దురద, దద్దుర్లు తెస్తుంది.
4. యూడికొలోన్‌లో ఆల్కహాలు ఎక్కువ. పొయ్యి, దీపం దగ్గర చల్లుకోకండి.
5. ఇంట్లోగాని, వార్డులోగాని ఆయాసం ఉన్నవారి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఏ సువాసనా వద్దు.

మొదట స్నానం చేసి, ఉతికిన నూలు బట్టలు కట్టుకోండి. చెమట వాసనను సెంటుతో కప్పితే రెండూ కలిసి మరింత వెగటుగా ఉంటుంది. మంట, మచ్చ కనిపిస్తే వెంటనే నీళ్ళతో కడిగి, ఎండ తగలకుండా చూసుకొని, డాక్టరుగారికి చూపించండి.